కంప్యూటర్ చదువుకు చిన్న లెక్కలే పెద్దబాలశిక్ష
బట్టీ పట్టిన ప్రోగ్రాం ఇంటర్వ్యూలో గట్టెక్కించదు
రోజుకో లెక్క సాధిస్తే పల్లె విద్యార్థికీ దారి దొరుకుతుంది

(గ్రామీణ విలేకరి)

నూజివీడు: ఒకటి నుంచి వంద వరకు సంఖ్యలను కంప్యూటర్ వరుసగా చూపాలి. మూడుతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్య వస్తే దాని బదులు 'ఫిజ్' అనాలి. అయిదుతో భాగింపబడేది వస్తే 'బజ్' అనాలి. రెండింటితోనూ భాగింపబడితే 'ఫిజ్‌బజ్' అనాలి. లెక్క ఇంతే. ఇంగ్లండులో బడిపిల్లలు భాగహారం నేర్చుకోవడానికి ఆడుకునే ఆట ఇది. మన ఊళ్లో ఆరో తరగతి కుర్రవాడు కూడా నోటితో చెప్పేయగలడు. కానీ ఉద్యోగాలకు వచ్చే కంప్యూటర్ పట్టభద్రుల్లో ఎక్కువమంది ఈపాటి ప్రోగ్రాంను కొద్ది నిమిషాల్లో రాయలేకపోతున్నారని ఇమ్రాన్ ఘోరీ అనే ప్రోగ్రామర్ 2007లో రాసినప్పుడు దేశదేశాల ప్రోగ్రామర్ల మధ్య పెద్ద చర్చే నడిచింది.

ఇందులో చిక్కంతా 15 దగ్గర ఉంది. సంఖ్య మూడుతో భాగింపబడుతుందా అని ముందు అడిగి, అవునంటే 'ఫిజ్' అని రాసి ముందుకు సాగిపోయే ప్రోగ్రాంకు 15 వచ్చినా 'ఫిజ్' మాత్రమే దక్కుతుంది. రెండింటితో భాగింపబడే షరతును అన్నిటికంటే ముందు అడగాలి. ఈ మెలకువ పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఒకసారి తప్పు రాసి, తప్పు జవాబు చూసి, ఎందుకిలా వచ్చిందని ఆలోచించిన వాడికే అబ్బుతుంది.

ఈ సంగతి మన ప్రాంతానికి సంబంధం లేనిది కాదు. పదో తరగతి పూర్తయిన గ్రామీణ విద్యార్థులకు ఆరేళ్లపాటు సాంకేతిక విద్య నేర్పేందుకు రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణాలు 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో వెలిశాయి. జనం నోట అది 'ట్రిపుల్ ఐటీ'గా స్థిరపడింది. అందులో సీటు దొరకనివారు ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ, డిగ్రీ కాలేజీల్లోని కంప్యూటర్ కోర్సుల్లోనూ చేరుతున్నారు. మామిడి తోట కౌలుకు చేసే రైతు మొదలు కూలిపని చేసే తల్లి వరకు, పిల్లవాడు 'సాఫ్ట్‌వేర్' అయితే ఇల్లు నిలబడుతుందని నమ్మి అప్పు చేసి చదివిస్తున్నవారు ఎందరో. అన్నేళ్ల చదువూ అన్ని వేల రూపాయలూ చివరకు ఇంటర్వ్యూ గదిలో ఒక చిన్న లెక్క ముందు తేలిపోతున్నాయి. అందువల్ల ఆ చిన్న లెక్కను తేలికగా తీసుకోవడానికి వీల్లేదు.

కంఠతా పడితే వచ్చే తంటా

పరీక్షలకు అడిగే ప్రోగ్రాంలు చాలావరకు ఎరిగినవే. సంఖ్యను తిరగరాయడం, ప్రధాన సంఖ్యను గుర్తించడం, 'ఆర్మ్‌స్ట్రాంగ్' సంఖ్యను పట్టుకోవడం వంటివి గైడుల్లో వరుసగా ఉంటాయి. విద్యార్థి వాటిని ఎక్కాల మాదిరిగా కంఠస్థం చేస్తాడు. ల్యాబు రికార్డులో అందంగా ఎక్కిస్తాడు. మార్కులు కూడా వస్తాయి.

153 సంగతి చూద్దాం. అందులోని అంకెలు 1, 5, 3. ఒక్కొక్క అంకెను దానితో మూడుసార్లు గుణించి కూడితే 1, 125, 27 కలిసి మళ్లీ 153 అవుతుంది. ఇలాంటిదే ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య. గైడులో ఉండేది 'ఇచ్చిన సంఖ్య ఆర్మ్‌స్ట్రాంగ్ అవునా, కాదా' అన్న ప్రోగ్రాం. ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి ఒక్క మాట మార్చి, 'మూడంకెల సంఖ్యల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టు' అంటాడు. కంఠతా పట్టినవాడు అక్కడే ఆగిపోతాడు. గైడు ప్రోగ్రాంలో సంఖ్యను పదితో భాగించుకుంటూ పోయేసరికి చివరకు అది సున్నా అయిపోతుంది. మొదటి సంఖ్యను వేరే చోట దాచుకోకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. ఏ వరుస ఎందుకు రాశామో తెలిసినవాడు మాత్రం గైడులోని ప్రోగ్రాంను ఒక లూపులో చుట్టి, రెండు మార్పులు చేసి, 153, 370, 371, 407 అని నాలుగూ చూపిస్తాడు.

ఈ ఇద్దరికీ తెలివిలో తేడా లేదు. ఒకడు ప్రోగ్రాంను పద్యంలా అప్పజెప్పాడు, రెండోవాడు యంత్రంలా విప్పి బిగించాడు. గట్టు మీద కూర్చుని ఈత గురించి ఎంత విన్నా లాభం లేదు, నీళ్లలో దిగవలసిందే.

ముందు కాగితం, తర్వాత కంప్యూటర్

లెక్క వినగానే కీబోర్డు మీద చేతులు వేయడం కొత్తవారు చేసే మొదటి పొరపాటు. గణిత శాస్త్రజ్ఞుడు జార్జ్ పోల్యా 1945లో వెలువరించిన 'హౌ టు సాల్వ్ ఇట్' గ్రంథంలో ఏ సమస్యకైనా పనికివచ్చే నాలుగు మెట్లు చెప్పారు. లెక్క ఏమిటో అర్థం చేసుకోవడం మొదటిది. ఉపాయం ఆలోచించడం రెండోది. ఆ ఉపాయాన్ని అమలుచేయడం మూడోది. వెనక్కి తిరిగి సరిచూసుకోవడం నాలుగోది. ప్రోగ్రాం రాయడం ఇందులో మూడో మెట్టు మాత్రమేనన్నది గమనార్హం.

472ను తిరగరాసి 274 చేయాలనుకుందాం. కాగితం మీద మూడు గడులు గీసి, 'సంఖ్య', 'చివరి అంకె', 'తిరగరాసినది' అని పేర్లు పెట్టుకోవాలి. 472ను పదితో భాగిస్తే శేషం 2. అదే చివరి అంకె. తిరగరాసిన గడిలో మొదట సున్నా ఉంది. దాన్ని పదితో గుణించి 2 కలిపితే 2. సంఖ్య గడిలో భాగఫలం 47 మిగిలింది. రెండోసారి శేషం 7. తిరగరాసినది 2 కదా, పదితో గుణిస్తే 20, ఏడు కలిపితే 27. సంఖ్య 4 అయింది. మూడోసారి శేషం 4. 27ను పదితో గుణించి 4 కలిపితే 274. సంఖ్య సున్నా అయింది కనుక ఆగిపోవచ్చు. చేత్తో ఇంత చేశాక దాన్ని సి భాషలో రాసినా, పైథాన్‌లో రాసినా నాలుగైదు వరుసల పని.

ఇక నాలుగో మెట్టు, అంటే సరిచూసుకోవడం. 120 ఇస్తే ఏమి వస్తుంది? 021 రాదు, 21 వస్తుంది. ముందున్న సున్నాకు సంఖ్యలో విలువ లేదు. సున్నా కూడా కనబడాలంటే సంఖ్యగా కాక అక్షరాల వరుసగా తీసుకోవాలి. సున్నా ఇస్తే? రుణసంఖ్య ఇస్తే? ఒక్క అంకె ఇస్తే? ఇలా అంచుల్లో ఉన్నవాటిని వెతికి వెతికి పరీక్షించే అలవాటే మంచి ప్రోగ్రామర్‌ను పట్టి చూపుతుంది.

ఊళ్లో ఉన్నవన్నీ లెక్కలే

సాధనకు లెక్కలెక్కడ దొరుకుతాయని అడిగేవారున్నారు. చంకలో పిల్లవాడిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంటుంది ఈ ప్రశ్న. మన ఇంట్లో, పొలంలో, సంతలో ఉన్నవన్నీ లెక్కలే.

పొలం కొలత సంగతి తీసుకుందాం. ఎకరానికి 4,840 చదరపు గజాలు. కోస్తాలో ఎకరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే, తెలంగాణలో 40 గుంటలుగా లెక్కిస్తారు. గుంటకు 121 గజాలు, సెంటుకు 48.4 గజాలు. పదివేల గజాల స్థలాన్ని ఎకరాలు, గుంటలు, గజాలుగా విడగొట్టమంటే ముందు 4,840తో భాగించాలి. రెండెకరాలు పోగా 320 గజాలు మిగులుతాయి. దాన్ని 121తో భాగిస్తే రెండు గుంటలు, 78 గజాలు. ప్రతిసారీ భాగఫలం తీసుకుని, శేషాన్ని తర్వాతి మెట్టుకు పంపడమే ఇందులోని సూత్రం. సెకన్లను గంటలు, నిమిషాలుగా మార్చడానికీ ఇదే సూత్రం. ఒక లెక్క సాధిస్తే పది లెక్కలు లొంగుతాయంటే అర్థమిదే.

సెంట్ల దగ్గరకు వచ్చేసరికి ఒక మెలిక ఉంది. కంప్యూటర్ దశాంశాలను లోపల రెండంకెల పద్ధతిలో దాచుకుంటుంది కనుక 0.1, 0.2 కూడమంటే చాలా భాషల్లో 0.3కు చివర ఎక్కడో ఒక చిన్న తోక తగిలించి చూపుతుంది. 48.4తో భాగించేటప్పుడూ ఇలాంటి తోకలు రావచ్చు. దీనికి విరుగుడు తేలికే. గజాలను, సెంటు కొలతను రెంటినీ పదితో గుణించి, 484తో పూర్ణసంఖ్యల్లోనే లెక్క చేసుకోవాలి. మిగిలిన 320 గజాలు 3,200 అవుతాయి. 484తో భాగిస్తే 6 సెంట్లు పోగా 296 మిగులుతుంది, అంటే 29.6 గజాలు. డబ్బు లెక్కలను రూపాయల్లో కాక పైసల్లో చేయడం ఇందుకే మేలు.

వడ్డీ లెక్క ఇంకా ముఖ్యమైనది. పదివేల రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. ఏడాదికి 2,400 అవుతుంది. మూడేళ్లకు అసలూ వడ్డీ కలిసి 17,200. ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది కనుక అప్పటికి తీర్చలేనివారు నోటు తిరగరాస్తారు. ఆ 17,200 కొత్త నోటులో అసలుగా మారుతుంది. మరో మూడేళ్లకు బాకీ 29,584కు చేరుతుంది. తిరగరాయకుండా ఆరేళ్లూ మామూలు వడ్డీయే వేస్తే 24,400 మాత్రమే. తేడా 5,184 రూపాయలు. ఈ ప్రోగ్రాం పది వరుసలు మించదు. అసలు, వడ్డీ రేటు, ఎన్నేళ్లకొకసారి తిరగరాస్తారు అన్న మూడింటినీ మార్చి మార్చి చూస్తే విద్యార్థికి లూపు సంగతి బోధపడుతుంది, తండ్రికి అప్పు సంగతి బోధపడుతుంది.

కంద పద్యంలో కంప్యూటర్ సూత్రం

తెలుగు మీడియంలో చదివాము, కంప్యూటర్ మాకు అందదు అని కొందరు పిల్లలు కుంగిపోతుంటారు. కంప్యూటర్ కోర్సుల్లో తప్పనిసరిగా వచ్చే ఒక లెక్క మన ఛందస్సులోనే ఉందని వారికి తెలియాలి.

లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలని హైస్కూలులో అందరూ చదువుకున్నదే. నాలుగు మాత్రలు వచ్చేలా లఘువు గురువులను ఎన్ని విధాలుగా పేర్చవచ్చు? నాలుగు లఘువులైతే నల. గురువు తర్వాత రెండు లఘువులైతే భగణం. లఘువుల మధ్య గురువైతే జగణం. రెండు లఘువుల తర్వాత గురువైతే సగణం. రెండూ గురువులైతే గగ. ఇంకో విధం లేదు. కంద పద్యంలో వాడే గణాలు ఈ అయిదే.

అయిదే ఎందుకయ్యాయి? చివరి అక్షరం లఘువైతే దాని ముందు మూడు మాత్రలుండాలి. వాటిని మూడు విధాలుగా పేర్చవచ్చు. చివరిది గురువైతే దాని ముందు రెండు మాత్రలుండాలి. వాటిని రెండు విధాలుగా పేర్చవచ్చు. మూడూ రెండూ అయిదు. అదే పద్ధతిలో అయిదు మాత్రలకు అయిదూ మూడూ కలిసి ఎనిమిది. ఈ విధంగా 1, 2, 3, 5, 8, 13 అని వరుస సాగిపోతుంది. దీన్ని పాఠ్యపుస్తకాలు 'ఫిబొనాచీ శ్రేణి' అంటాయి. పీసా నగరానికి చెందిన లియొనార్డో 1202లో రాసిన గ్రంథంలో కుందేళ్ల లెక్కగా ఇది కనిపిస్తుంది. అంతకు ముందే మన దేశంలో ఛందశ్శాస్త్రజ్ఞుడు విరహాంకుడు, తర్వాత 1150 ప్రాంతంలో జైన పండితుడు హేమచంద్రుడు మాత్రల లెక్కగా దీన్ని చెప్పి ఉండటం విశేషం.

పెద్ద సమస్యను అదే రకం చిన్న సమస్యలుగా విడగొట్టి, వాటి జవాబులు కూడడాన్ని ప్రోగ్రామర్లు 'రికర్షన్' అంటారు. విద్యార్థులను బెదరగొట్టే పాఠం ఇదే. భగణ జగణాలు కాగితం మీద పేర్చి చూసినవారికి అందులో బెదరడానికి ఏమీ ఉండదు.

బడిపంతులు కనిపెట్టిన 6174

చిన్న లెక్కలతో కాలక్షేపం చేసి పేరు సంపాదించిన మనిషి ఒకరున్నారు. మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర దేవళాలిలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్. కాప్రేకర్ (1905-1986) అంకెలతో ఆడుకుంటూ 1949లో ఒక వింత గుర్తించారు. అన్నీ ఒకే అంెక కాని నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకుని, అంకెలను పెద్ద నుంచి చిన్నకు పేర్చి, అందులోంచి చిన్న నుంచి పెద్దకు పేర్చినది తీసివేయాలి. వచ్చిన దానితో మళ్లీ అదే పని చేయాలి. ఏడుసార్లు మించకుండా 6174 వచ్చి తీరుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అది మారదు.

ఉదాహరణకు 3524. 5432లోంచి 2345 తీసివేస్తే 3087. తర్వాత 8730లోంచి 0378 తీసివేస్తే 8352. ఆ తర్వాత 8532లోంచి 2358 తీసివేస్తే 6174. కాప్రేకర్ చేత్తో చేసిన ఈ పనిని తొమ్మిది వేల నాలుగంకెల సంఖ్యల మీదా నడిపి చూడమంటే కంప్యూటర్‌కు రెప్పపాటు. అంకెలు విడదీయడం, వరుసగా పేర్చడం, మళ్లీ సంఖ్యగా కలపడం, ఎన్నిసార్లయిందో లెక్కబెట్టడం అనే నాలుగు పాఠాలు ఈ ఒక్క లెక్కలో ఉన్నాయి. పరిశోధనశాలలో పనిచేయని ఆ పంతులుగారి గురించి మార్టిన్ గార్డ్‌నర్ 1975లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో రాయడంతో ఆయన పేరు దేశాంతరాలకు తెలిసింది.

పుస్తకం అట్ట మీద ఒక పాఠం

ఇంట్లో ఉన్న ఏ కొత్త పుస్తకం వెనక అట్టనైనా చూడండి. గీతల గుర్తు కింద 978తో మొదలయ్యే 13 అంకెల సంఖ్య ఉంటుంది. అందులో చివరిది కాపలా అంకె. మొదటి అంకెను ఒకటితో, రెండోదాన్ని మూడుతో, మళ్లీ ఒకటితో, మూడుతో ఇలా గుణించుకుంటూ అన్నిటినీ కూడితే మొత్తం పదితో భాగింపబడాలి. లేదంటే సంఖ్య ఎక్కించడంలో ఎక్కడో పొరపాటు జరిగినట్టు.

సి భాషను 1972 ప్రాంతంలో రూపొందించిన డెనిస్ రిచీ, బ్రయాన్ కెర్నిఘన్‌తో కలిసి ఆ భాషపై రాసిన పుస్తకం 1978లో వెలువడింది. దాని రెండో కూర్పు సంఖ్య 9780131103627. పై పద్ధతిలో కూడితే 80 వస్తుంది. అంటే సరైనదే. ఇందులో ఒక అంకె మార్చి చూడండి, కాపలా అంకె పట్టేస్తుంది. ఏటీఎం కార్డు సంఖ్యకు కూడా ఇలాంటి కాపలా అంకె ఉంది. అయితే సాధన కోసం ఎవరూ తమ కార్డు సంఖ్యను, ఆధార్ సంఖ్యను ఇంటర్నెట్‌లో ఎక్కించరాదు. పుస్తకం సంఖ్య చాలు.

కొమ్ములు తిరిగినవారికీ తప్పని తప్పు

చిన్న లెక్క కదా అని చులకన చేయరాదనడానికి ఒక నిదర్శనం ఉంది. ఒకటి నుంచి వంద లోపు ఒక సంఖ్య మనసులో అనుకుంటే, 'పెద్దదా, చిన్నదా' అని అడుగుతూ ప్రతిసారీ సగానికి తగ్గించుకుంటూ పోతే ఏడు ప్రశ్నల్లో దొరికిపోతుంది. వెయ్యి లోపైతే పది ప్రశ్నలు చాలు. అక్షర క్రమంలో ఉన్న నిఘంటువులో మాట వెతికే పద్ధతి కూడా ఇదే. దీన్ని 'బైనరీ సెర్చ్' అంటారు.

ఈ ప్రోగ్రాం రాయమని వృత్తిలో ఉన్న ప్రోగ్రామర్లను అడిగితే చాలామంది రాసినవాటిలో తప్పులు దొర్లాయని జాన్ బెంట్లీ 1986 నాటి 'ప్రోగ్రామింగ్ పెర్ల్స్' పుస్తకంలో రాశారు. అంతకన్నా విచిత్రం, ఆ పుస్తకంలోని పద్ధతినే అనుసరించి జావా భాషలో చేర్చిన ప్రోగ్రాంలో ఒక తప్పు సుమారు తొమ్మిదేళ్లు ఎవరికీ పట్టుబడకుండా ఉండిపోయింది. రాసిన జాషువా బ్లాకే 2006లో దాన్ని వెల్లడించారు. మధ్య స్థానం కోసం మొదటి, చివరి స్థానాలను కూడి సగం చేస్తారు. పట్టిక మరీ పెద్దదైనప్పుడు ఆ కూడిక కంప్యూటర్ గడిలో పట్టే 214 కోట్ల చిల్లర దాటిపోయి రుణసంఖ్యగా మారుతుంది. రెండు స్థానాల తేడాను సగం చేసి మొదటి స్థానానికి కలిపితే ఈ ప్రమాదం లేదు. అంతటి నిపుణుల చేతిలోనే తప్పు నిలిచినప్పుడు, కొత్తవారు తప్పు వచ్చిందని సిగ్గుపడి మానేయవలసిన అవసరం లేదు.

సాధనకు ఏమి కావాలి?

సొంత కంప్యూటర్ లేదన్న కారణంతో ఆగనక్కర్లేదు. పైథాన్ వంటి భాషలు ఉచితం. మామూలు స్మార్ట్‌ఫోన్‌లోనే ప్రోగ్రాం రాసి నడిపే సౌకర్యం ఉంది. ఐఐటీల వారి ఎన్‌పీటెల్ పాఠాలు డబ్బు కట్టకుండా చూడవచ్చు. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. 2009లో మన దేశంలోనే మొదలైన కోడ్‌షెఫ్‌లో తేలికవాటి నుంచి కష్టమైనవాటి దాకా లెక్కలు దొరుకుతాయి.

వీటన్నిటికంటే పద్ధతి ముఖ్యం. రోజుకు ఒకే లెక్క చాలు, కానీ రోజూ చేయాలి. అరగంట వరకు జవాబు చూడరాదు. కాగితం మీద చేత్తో చేశాకే ఫోన్ తీయాలి. రాసిన ప్రోగ్రాంను మర్నాడు చూడకుండా మళ్లీ రాయాలి. లెక్కలో ఒక షరతు మార్చి ఇంకోసారి చేయాలి. తప్పు వచ్చినప్పుడల్లా ఆ తప్పేమిటో ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. నెల తిరిగేసరికి ఆ పుస్తకమే అసలైన గైడు అవుతుంది. చివరగా, చేసినదాన్ని ఇంకొకరికి మాటల్లో వివరించాలి. మాటల్లో చెప్పలేకపోతే ఇంకా అర్థం కానట్టే లెక్క.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత అడిగిన ప్రోగ్రాం అడిగినట్టు రాసిపెట్టే యంత్రాలు అందరి చేతికీ వచ్చాయి. ఇక ఈ శ్రమ దేనికన్న ప్రశ్న సహజమే. ఆ యంత్రాలు సరైన జవాబును ఎంత ధీమాగా చెబుతాయో తప్పు జవాబునూ ఒక్కొక్కసారి అంతే ధీమాగా చెబుతాయి. తప్పొప్పులు తేల్చవలసింది అడిగిన మనిషే. తూకం చూడటం రానివాడికి కాటా ఇచ్చి లాభమేమిటి? ముందు తాను ప్రయత్నించి, చిక్కుబడినచోట చిన్న సూచన అడిగితే ఆ యంత్రం మంచి తోడు. లెక్క మొత్తం దానికే అప్పగిస్తే పాత గైడు కొత్త వేషంలో వచ్చినట్టే.

పాఠకులకు పది లెక్కలు

విద్యార్థుల సాధన కోసం పది లెక్కలను కింద ఇస్తున్నాం.

1. వెయ్యి లోపు మూడుతో గాని అయిదుతో గాని భాగింపబడే సంఖ్యల మొత్తం ఎంత?
2. వంద లోపు ప్రధాన సంఖ్యలు ఎన్ని?
3. 1071, 462ల గసాభా ఎంత? (పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, శేషంతో మళ్లీ భాగించే యూక్లిడ్ పద్ధతిలో చేయాలి.)
4. తనను మినహాయించి తన భాజకాలన్నిటి మొత్తం తనకే సమానమైన సంఖ్యలు పదివేల లోపు ఏవి?
5. 1947 ఆగస్టు 15, 1956 నవంబరు 1, 2014 జూన్ 2 ఏ ఏ వారాలు? (1900 లీపు సంవత్సరం కాదని, 2000 అవుతుందని మరువరాదు.)
6. సరిసంఖ్య అయితే సగం చేయాలి, బేసి అయితే మూడుతో గుణించి ఒకటి కలపాలి. 27తో మొదలుపెడితే ఎన్ని మెట్లలో 1 వస్తుంది?
7. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగల అతిచిన్న సంఖ్య ఏది? (రామానుజన్ పేరుతో ముడిపడినది.)
8. ఒక ఊహాదేశంలో 1, 3, 4 రూపాయల నాణేలే ఉన్నాయి. 6 రూపాయలు ఇవ్వడానికి కనీసం ఎన్ని నాణేలు కావాలి? (పెద్ద నాణెంతో మొదలుపెడితే దెబ్బతింటారు.)
9. పది మాత్రలకు లఘువు గురువులను ఎన్ని విధాలుగా పేర్చవచ్చు?
10. కాప్రేకర్ పద్ధతిని మూడంకెల సంఖ్యలపై నడిపితే ఏ సంఖ్య దగ్గర ఆగుతుంది?

జవాబులు వరుసగా: 233168, 25, 21, 6, 28, 496, 8128, శుక్రవారం, గురువారం, సోమవారం, 111, 1729, రెండు, 89, 495.

జవాబులు ముందే ఇచ్చేయడానికి కారణం ఉంది. ఇక్కడ జవాబు తెలిసినందువల్ల ఒరిగేది ఏమీ లేదు. ఆ జవాబును కంప్యూటర్ చేత చెప్పించే దారిని సొంతంగా వేసుకోవడంలోనే చదువంతా ఉంది. ఈ పదీ ఎవరి సాయమూ లేకుండా పూర్తిచేసిన పల్లె విద్యార్థి ఏ పట్నం కంపెనీ గదిలోనైనా తల ఎత్తుకుని కూర్చోవచ్చు.